కూత మానేసిన మోటారు

కరోనా సద్దుమణిగాక వచ్చిన రెండో ఆషాఢంలో మా ఓనరు నన్ను పంజాగుట్టలోని ఒక కుట్టు కేంద్రానికి ట్రయల్ పని మీద వేశాడు. అప్పటికి నేను అమీర్‌పేటలో, ఒక కోచింగ్ సెంటర్ పై అంతస్తులో ఉండే వర్క్‌షాపులో లైన్ సూపర్‌వైజర్‌ని. చదివింది అయిదో తరగతి. సోల్డరింగ్ బల్ల దగ్గర మొదలుపెట్టి, బోర్డులు బిగించే ఆడవాళ్లందరి పని చూసే కుర్చీ దాకా వచ్చాను. మేము తయారుచేసేవి డ్రైవులు. డ్రైవు అంటే మోటారుకు ఎంత కరెంటు, ఏ క్షణాన అందాలో చూసుకునే డబ్బా. లిఫ్టుకూ ఉంటుంది, ఇప్పటి కుట్టు మిషనుకూ ఉంటుంది.

డ్రైవులో అసలు కష్టపడేవి ట్రాన్సిస్టర్లు. సెకనుకు వేల సార్లు కరెంటుకు తలుపు తీసి మూస్తుంటాయి. మేము ఏళ్ల తరబడి వాడినవి సిలికాన్‌వి. వాటికి తలుపు తీయడానికీ మూయడానికీ కాస్త సమయం పడుతుంది. ఆ సందులోనే కొంత కరెంటు వేడిగా మారి పోతుంది. ఆ వేడిని లాగడానికి అల్యూమినియం దిమ్మ, దిమ్మను చల్లార్చడానికి చిన్న ఫ్యాను, రెండూ పట్టడానికి పెద్ద డబ్బా. నాకు ఈ ఏర్పాటు మొదటి నుంచీ గిట్టేది కాదు. కొన్న కరెంటును వేడి చేసి పారేయడం, ఆ వేడిని ఊదడానికి మళ్లీ కరెంటు తగలేయడం ఏం సంసారం?

ఆ ఏడే కాకినాడ నుంచి కిరణ్ అనే ఇంజనీరు ఒప్పందం మీద మా దగ్గర చేరాడు. సిలికాన్ తీసేసి గాలియం నైట్రైడ్ ట్రాన్సిస్టర్లతో కుట్టు మిషను డ్రైవు గీశాడు. ఇవి తలుపు తీసి మూయడంలో చాలా చురుకు, అందుకే వేడి తక్కువ అన్నాడు. మాటలు ఎవరైనా చెబుతారు. నేను మధ్యాహ్నమంతా మోటారు నడిపించి, డబ్బా మీద అరచెయ్యి పెట్టాను. గోరువెచ్చగా ఉందంతే. ఫ్యాను లేదు, దిమ్మ బదులు పలచటి రేకు, మొత్తం కలిపి టిఫిన్ డబ్బా అంత. ఫ్యాను లేకపోవడం కుట్టు కేంద్రాలకు పెద్ద మేలు. పాత డ్రైవుల ఫ్యాన్లు నూలు పీచును లోపలికి పీల్చి, ఊపిరాడక డబ్బానే కాల్చుకునేవి.

అలాగని ఇవి మొండి సరుకు కాదు. తలుపు తీయమని ఇచ్చే వోల్టేజి కొంచెం హద్దు దాటితే చచ్చిపోతాయి. చేతిలోని స్టాటిక్ కరెంటుకూ తట్టుకోవు. ఆ కరెంటును ఎర్త్‌కు దింపే పట్టీ మణికట్టుకు కట్టుకోకుండా బోర్డు ముట్టిన అమ్మాయిని ఆ పూటకు లైన్ నుంచి లేపేసేదాన్ని.

ఓనరు మాట ఖరాఖండీగా ఉంది. కుట్టు కేంద్రం వాళ్లు ఈ డ్రైవులు ఉంచుకుంటే ఇకపై ఇవే చేస్తాం. తిప్పి పంపితే సిలికాన్‌కే పోతాం, కిరణ్ ఒప్పందం పొడిగించం.

బిగించి వచ్చిన కొద్ది రోజులకే కేంద్రం నడిపే రజిత ఫోన్ చేసింది. “సులోచనమ్మా, జర వచ్చి సూడు. గీ దయ్యం డబ్బాలు నాకొద్దు, తీస్కపో.”

కిరణ్ ఆటో పిలవబోయాడు. మెట్రోలో ఒక్క స్టేషన్ దూరానికి ఆటో దేనికని నడిపించాను.

అక్కడ ఆస్పత్రి సిబ్బంది యూనిఫాంలు కుడుతున్నారు. బోనాలకు ముందే సరుకు ఇచ్చేయాలని హడావిడి. అందరికన్నా చేయి తిరిగిన లలిత మాత్రం కదలకుండా కూర్చుంది. ఆమె చీర కొంగు ఒక నీలం ప్యాంటు కాలికి శుభ్రంగా కుట్టేసి ఉంది. చుట్టూ ఆడవాళ్లు నవ్వు ఆపుకోలేకపోతున్నారు.

“నవ్వుండ్రి, నవ్వుండ్రి. రేపు మీ వేలు కుడ్తది, అప్పుడు తెలుస్తది” అంది లలిత.

ఏమైందని అడిగాను. దారం ఎక్కించడానికి ముందుకు వంగిందట, కొంగు జారి గుడ్డ మీద పడిందట, పాదం పెడలుకు తగిలిందట. మిషన్ ఆఫ్‌లో ఉందనుకుంది.

“పాతది కూస్తుండె. గిది మూగది” అంది రజిత.

“అదేంటండీ, చప్పుడు లేకపోవడమే కదా దీని గొప్ప!” అన్నాడు కిరణ్.

“నీ గొప్ప నీ దగ్గర పెట్టుకో తమ్మీ. ముందు నా కొంగు ఇడిపియ్యి.”

సంగతి అక్కడే తేలింది. పాత డ్రైవులు తలుపు తీసి మూసే వేగం మన చెవికి అందేంతలో ఉండేది. అందుకే కరెంటు ఉంటే మోటారు ఆగి ఉన్నా సన్నగా కూసేది. కుట్టేవాళ్లు స్విచ్చి వంక చూసేవారే కాదు. కూత ఉంటే పాదం దూరం, కూత ఆగితే సూదిలో దారం. ఎవరూ నేర్పలేదు, వాళ్లకు వాళ్లే పట్టుకున్న పద్ధతి. కొత్త డ్రైవు వేగం చెవికి అందనంత ఎక్కువ. ఈసారి పోయింది కొంగు. తర్వాత పోయేది వేలే.

వేగాన్ని పాత లెక్కకు దించేస్తానన్నాడు కిరణ్. నేను ఒప్పుకోలేదు. అలా చేస్తే కరెంటు ఒడుదొడుకులతో పారి మోటారు వేడెక్కుతుంది, రోజంతా కూతా తప్పదు. దీపం పెట్టమంది రజిత. కళ్లు సూది మీద ఉంటే బల్ల కింద డబ్బా మీది దీపాన్ని ఎవరు చూస్తారు? పైగా ధర పెరుగుతుంది కాబట్టి కొత్త పార్టు ఒక్కటి కూడా చేర్చడానికి వీల్లేదని చెప్పాను.

కొంగు విడిపించుకుంటూ లలిత అంది: “ఆగినప్పుడు కూస్తే సాలు. ఉరికేటప్పుడు మాకు కానొస్తలేదా ఏంది?”

కిరణ్ గుడ్డల మూట మీద కూర్చుని ల్యాప్‌టాప్ తెరిచాడు. మోటారులోని తీగ చుట్టలోకి చెవికి అందే వేగంలో రవ్వంత కరెంటు పంపితే మోటారే స్పీకరులా పలుకుతుందట. ఆగి ఉన్నప్పుడు సన్నటి కూత, కుట్టేటప్పుడు నిశ్శబ్దం. నేను ఇంకొకటి అడిగాను. మిషన్ ఆగాక కాలు పూర్తిగా ఎత్తి, మళ్లీ తొక్కితే తప్ప కదలకూడదు. అదీ ప్రోగ్రాంలోనే కుదిరింది.

లలితను వెనక్కి తిప్పి కూర్చోబెట్టి, స్విచ్చి వేస్తూ తీస్తూ, ఇప్పుడు ఆన్‌లో ఉందా ఆఫ్‌లో ఉందా అని అడిగాను. ఒక్కసారి కూడా తప్పు చెప్పలేదు.

“గిప్పుడు మంచిగుంది” అంది. రజిత ఊరుకోకుండా, “తమ్మీ, పాట సుత పెట్టొస్తదా?” అని అడిగింది.

“వస్తుందండీ!” అన్నాడు కిరణ్ హుషారుగా.

“అవసరం లేదు” అన్నాను.

డబ్బాలు అక్కడే ఉండిపోయాయి. కిరణ్ ఒప్పందాన్ని ఓనరు పొడిగించాడు. నేను రిటైరయ్యేనాటికి మా లైన్ మీద సిలికాన్ డ్రైవు ఒక్కటీ లేదు.

కొత్త సరుకు ఎంత వేడి తగ్గించిందో, ఎంత చోటు మిగిల్చిందో కొలవడానికి మా దగ్గర మీటర్లున్నాయి. పాత సరుకులోని లోపాన్ని ఎవరు ఏ పనికి వాడుకుంటున్నారో ఏ మీటరూ చూపించదు. కాబట్టి లోపాన్ని తీసేసే ముందు, దాని పక్కన కూర్చుని పనిచేసేవాళ్లను అడగాలి. తీయడం ఆ తర్వాత.