హీబ్రూలో చేదు

ఇప్పుడంటే బిడ్డ కడుపులో పడగానే అమ్మానాన్నలు ఫోను ముందేసుకుని కూర్చుంటున్నారు. ఏ భాషలో ఏ పేరుకు ఏ అర్థమో, పలికితే బాగుంటుందో లేదో, పక్కింటివాళ్ళు అప్పటికే పెట్టేసుకున్నారో లేదో అన్నీ చూసుకుని మరీ పేరు పెడుతున్నారు. మా చిన్నతనంలో అంత తీరిక ఎవరికుంది? తాత పేరు మనవడికి, అమ్మమ్మ పేరు మనవరాలికి, మిగిలినవాళ్ళకు దేవుళ్ళ పేర్లు. అర్థం అడిగినవాడూ లేడు, చెప్పినవాడూ లేడు. అందుకే దివిసీమలో, గంగమ్మ తల్లికి తప్ప ఎవరికీ తల వంచని చేపలవాళ్ళ ఇంట్లో పుట్టిన నాకు ‘మారా’ అనే పేరెలా వచ్చిందని పదో తరగతి దాకా నేనూ అడగలేదు. (మారాం చేస్తానని అలా పిలుస్తున్నారనుకున్నాను. చేసేదాన్ని కూడా.)

ఆ కుతూహలాన్ని మా బడికి తెచ్చిపెట్టింది కొత్తగా వచ్చిన ఇంగ్లీషు మాస్టారు. ఉయ్యూరు వైపు మనిషి. పేర్ల అర్థాలన్నీ ఉన్న లావుపాటి పుస్తకమొకటి పట్టుకుని, “ఒక్కో పేరూ ఒక్కో దేశం నుంచి నడిచొచ్చిందర్రా, మీకేం తెలుసు!” అంటూ అందరినీ వరసగా లేపడం మొదలుపెట్టారు. పీటరు అంటే గ్రీకు భాషలో బండరాయి అన్నారు. మా బండరాయి కాస్త గాలి గట్టిగా వీస్తే సైకిలుతో సహా కాలవలో పడేవాడు. కరీం అంటే అరబ్బీలో ఉదారుడట. వాడు ఎవరికీ రబ్బరు ముక్క ఇచ్చిన పాపాన పోలేదు. నా వంతు వచ్చింది. ఏ మహారాణి పేరో అయ్యుంటుందని జడ ముందుకేసుకుని మరీ నిలబడ్డాను. మాస్టారు పేజీ తిప్పారు, కళ్ళజోడు సర్దుకున్నారు, నన్నోసారి జాలిగా చూశారు. “హీబ్రూ పేరమ్మా. చేదు అని అర్థం.” వెంటనే వెనక బెంచీ నుంచి “కాకరకాయ్!” అని వినిపించింది. (అన్నది ఆ ఉదారుడే.) సాయంత్రానికల్లా ఒడ్డున వలలు బాగుచేసుకునే తాతలు కూడా నన్ను అలాగే పిలిచారు.

పదో తరగతి పరీక్షలకు పేర్లు పంపే రోజులవి. సర్టిఫికెట్లో పడ్డ పేరు ఇక చచ్చేదాకా వదలదని అందరికీ తెలిసిందే. మార్పులుంటే సోమవారంలోపు ఇంట్లో పెద్దవాళ్ళతో చెప్పించమన్నారు హెడ్మాస్టరుగారు. నేను మాధురినైపోదామని నిశ్చయించుకుని, ఆయనతో ముందే చెప్పేశాను కూడా. అమ్మ ముందు కూర్చుని ఏడ్చాను, అన్నం మానేశాను (రొయ్యల కూర వండిన పూట మినహా). చివరికి విసిగిపోయి అమ్మ చెప్పిన మాటకు నా ఏడుపు టక్కున ఆగిపోయింది.

“నీ పేరు మార్చడం నా చేతుల్లో లేదే. నిన్నెప్పుడో అమ్మేశాను.”

నాకన్నా ముందు పుట్టిన ఇద్దరూ పురిట్లోనే పోయారట. అలాంటి ఇంట్లో మళ్ళీ బిడ్డ పుడితే మావాళ్ళు ఎవరికైనా చేటెడు తవుడుకు అమ్మేస్తారు. ఇది వీళ్ళ బిడ్డ కాదనుకుని యముడు మరో గుమ్మం చూసుకుంటాడని నమ్మకం. బిడ్డ తల్లి దగ్గరే పెరుగుతుంది గానీ పేరు పెట్టేది మాత్రం కొన్నవాళ్ళు. అదీ ఏ పెంటమ్మో పుల్లమ్మో, విన్నవాడికి ఎత్తుకుపోబుద్ధి కాని పేరై ఉండాలి. నన్ను కొన్నది అప్పట్లో మా పక్కింట్లో అద్దెకుండే టీచరుగారి భార్య, క్రైస్తవురాలు. తర్వాత వాళ్ళు బదిలీ మీద గుడివాడ వెళ్ళిపోయారు. ఆవిడ సరేనంటే తప్ప నా పేరు మారదని అమ్మ భీష్మించుకుంది.

ఆదివారం ఇద్దరం బస్సెక్కాం. అమ్మ ఒళ్ళో ఎండుచేపల సంచి. అవనిగడ్డ దాటేసరికి మా చుట్టుపక్కల సీట్లన్నీ ఖాళీ. కండక్టరు మొహం అటు తిప్పుకుని, చెయ్యి మాత్రం ఇటు చాచి టిక్కెట్టిచ్చాడు. ఆ గాలికి అలవాటుపడ్డ ముక్కులు మావి, మేం హాయిగా కాళ్ళు జాపుకుని కూర్చున్నాం.

గుడివాడ అత్త చర్చి నుంచి అప్పుడే వచ్చినట్టుంది, తెల్లచీరలో గుమ్మంలోనే ఎదురైంది. “ఏంటి వదినా, కొన్న సరుకు వాపసు తెచ్చావా?” అంది. నా గోడు విని ఇంకా నవ్వింది.

“నేనేం చేసేదే! మీ అమ్మేమో చెడ్డ పేరే పెట్టాలంటది. పసిగుడ్డుని పెంటమ్మా అని పిలవటానికి నాకు నోరు రాలా. అసలీ కొనుగోలు సంగతి పాస్టరుగారికి తెలిస్తే ఇంకేవన్నా ఉందా? తవుడు చేట కొంగు కింద దాచుకుని తెచ్చా. ఆఖరికి మా గ్రంథంలోనే చేదు పేరొకటుందిగా అని అది పెట్టా. మీ అమ్మ మాటా నెగ్గింది, నా దేవుడి మాటా నెగ్గింది.”

“చెడ్డ పేర్లు ఇన్నుంటే అదే ఎందుకత్తా?”

అత్త నవ్వు ఆపేసింది. “మా గ్రంథంలో ఒకావిడ ఉంటదమ్మా. ఇద్దరు బిడ్డల్ని పోగొట్టుకుని సొంతూరికొచ్చి, ఇంక నన్ను పాత పేరుతో పిలవొద్దు, మారా అనండి అంటది. ఆ రోజు మీ అమ్మ మొహం చూస్తే ఆవిడే గుర్తొచ్చింది. చివరికి ఆవిడ ఒళ్ళోకీ ఓ బిడ్డొచ్చాడులే. వాడికి పేరు పెట్టిందీ ఇరుగుపొరుగు ఆడాళ్ళే. నువ్వు నిక్షేపంగా పెరిగావు, ఇంక ఈ చేదెందుకు? మార్చుకో తల్లీ.”

నేను సంతోషంగా అమ్మ వైపు తిరిగాను. అమ్మ అత్త చెయ్యి పట్టుకుని ఉంది.

“ఆ ఇద్దర్నీ తలుచుకుని పెట్టావా వదినా? ఒక ఆడపిల్ల, ఒక మగపిల్లోడు. పేరు పెట్టే వేళ కూడా రాలా వాళ్ళకి. మా ఇంట్లో మళ్ళీ ఎవ్వరూ వాళ్ళ ఊసెత్తలా. నువ్వొక్కదానివే గుర్తుపెట్టుకున్నావు.” అంతవరకూ అమ్మ ఏడవగా నేను చూడలేదు.

సోమవారం హెడ్మాస్టరుగారు కలం తీసి “ఏమ్మా, మాధురేనా?” అన్నారు. వద్దండీ, ఉన్నదే ఉంచండి అన్నాను. ఇంత గోల చేసి ఇదేంటని ఆయన తల కొట్టుకున్నారు. మాధురి కాలేకపోయినందుకు నాకూ కాసేపు దిగులేసిన మాట నిజం. పదిహేనేళ్ళ పిల్లను, ఆ మాత్రం ఉండదా?

ఇప్పుడు బందరులో ఉద్యోగం. ఆఫీసులో కొత్తగా చేరినవాళ్ళు ఫోనులో చూసుకుని, పాపం మొహమాటపడుతూ “మేడం, మీ పేరుకి అర్థం తెలుసా అండీ?” అంటారు. తెలుసని నవ్వేస్తాను. కన్నావిడకూ కొన్నావిడకూ నేనెంత ఋణపడ్డానో వాళ్ళకెలా చెప్పేది? సెలవుకు ఇంటికెళ్తే అమ్మ గుమ్మంలోంచే “మారా!” అని కేకేస్తుంది. వచ్చేది నేనొక్కదాన్నే గానీ, ఆ కేకకు అక్క తరఫునా అన్న తరఫునా కూడా నేనే పలుకుతాను.