చెంచా మీది పేరు

ఆ పేరును పైకి చదివినవాడిని నేనే కనుక, జరిగినది జరిగినట్టు రాసి ఉంచడం నా బాధ్యత.

ఖానాపూర్ బస్సులో ఒక వృద్ధురాలు, కొడుకు గల్ఫ్ నుంచి తెచ్చిన పాత వెండి చెంచాతో ఒడిలోని మనుమరాలికి పెరుగన్నం పెట్టబోతోంది. చెంచా మీద ఓడ బొమ్మ, ఒక పేరు, మరణించిన తేదీ చెక్కి ఉన్నాయి. పూర్వం డచ్చివారు పాడె మోసినవారికి ఇటువంటి చెంచాలు ఇచ్చేవారని చదివాను.

"అమ్మా, ఇది చనిపోయినవారి జ్ఞాపకార్థం చేయించినది," అని హెచ్చరించాను.

"గీ చెంచతోని ఎవలో ఉన్నరని మాకెర్కే సారూ. మొదటి బుక్క ఆయనకు తీయకుంటె గీ పోరి నోరే తెరువది. జర పేరు సదువుండ్రి, పిలిచి పెడ్త."

"హెండ్రిక్," అని చదివాను. ఆమె ఆ పేరు పిలిచి, కొంచెం అన్నం కిటికీ అంచున పెట్టింది. పాప నా పక్కనున్న ఖాళీ సీటు వైపు చూసి నవ్వి, నోరు తెరిచింది.

నేను తప్పుగా చదివి ఉంటే తెలిసినవారు దయచేసి సవరించండి. ఆమె రోజూ ఆ పేరుతోనే పిలుస్తూ ఉంటుంది.