కుందూ దాటిన గొంతు

మా పాపకు ఒళ్ళు రుద్దిన చేతుల్లో కొబ్బరినూనె వాసన ఇంకా పోలేదు. ఆ వాసన తగిలితే నాకు కనకమ్మత్త గుర్తుకొస్తుంది. నాటకం అయ్యాక ముఖం మీది రంగును ఆమె ఆ నూనెతోనే తుడుచుకునేది. నంద్యాలలో మా పక్కిల్లు ఆమె పుట్టిల్లు. సినిమాకు మాటలు వచ్చిన కొత్తలో మద్రాసు వెళ్ళి రాణి వేషాలు వేసి, తన పాటలు తానే పాడుకున్న నటి. తరువాత తెర మీద ముఖం ఒకరిది, గొంతు మరొకరిది అయ్యే కాలం వచ్చింది. వయసూ పైబడింది. పిలుపులు ఆగిపోయాయి. కర్నూలు రాజధాని అయిన ఏడు ఆమె తిరిగి వచ్చి మళ్ళీ నాటకాల్లోకి దిగింది.

తొలి నాటకం నంద్యాలలోనే. మద్రాసులో మైకు కోసం ఆమె గొంతు తగ్గించడం నేర్చుకుంది. ఎక్కడ నిలబడాలో అక్కడ నేలమీద సుద్దతో గీసేవారట. ఇక్కడా అలాగే ఉన్నచోటే నిలబడి మెల్లగా మాట్లాడింది. చిన్నపిల్లగా ముందు వరుసలో ఉన్న నాకు ఆ మాటలకు కన్నీళ్ళు ఆగలేదు. వెనకనుంచి మాత్రం ఒకడు అరిచాడు: "ఏందమ్మా, రాజు చెవిలో గుట్టు చెప్తాండావా? మాకూ చెప్పు!" జనమంతా గొల్లుమన్నారు.

నాటకాలు ఆడించే మస్తాన్ సాహెబు మొగమాటపడలేదు. "ఆళ్లగడ్డలో ఇంగొక్కసారి చూస్తా కనకమ్మా. ఆడ గూడా ఇనపడకపోతే నీ వేషం ఇంకొకరికే."

మర్నాడు పొద్దున్నే ఆమె నన్ను కుందూ ఏటికి తీసుకుపోయింది. వేసవి కనుక నీళ్ళు మోకాలి లోతే. నేను అవతలి గట్టున నిలబడాలి, ఆమె మాట వినిపిస్తే చెయ్యెత్తాలి. ఆమె అవస్థ చూడలేక ఒకసారి వినపడకున్నా చెయ్యెత్తాను. నీళ్ళు దాటుకుని నా దగ్గరకే వచ్చింది.

"నేనేం చెప్పినా?" అని అడిగింది.

ఎత్తిన చెయ్యి దించేశాను.

"నువ్వు జాలిపడితే ఆళ్లగడ్డ జనం పడతారా పాపా? ఇనపడకుంటే గమ్మున నిలబడు."

బట్టలుతికేవాళ్ళు నవ్వేవారు. "టాకీ రాణి ఏటితో మాట్లాడతాందప్పా!"

"నవ్వుతే నవ్వండి. మీకు ఇనపడతాందా లేదా, అది చెప్పండి," అనేది. అంత పేరు చూసిన మనిషి, ఓనమాల దగ్గర మళ్ళీ కూర్చోవడానికి సిగ్గుపడలేదు.

ఆళ్లగడ్డలో సాహెబు ముందుజాగ్రత్తగా మైకు తెప్పించి వేదిక నడుమ పెట్టించాడు. "తీసెయ్ అన్నా. అదుంటే నా కాళ్ళు దానికాడే నాటుకుంటాయి," అంది కనకమ్మత్త.

"ఇనపడకపోతే?"

"తెర దించెయ్."

వేదిక ఈ చివరనుంచి ఆ చివరకు రాణిలా నడిచి పద్యం ఎత్తుకుంది. జనానికి వెనక, విప్పిన ఎద్దుబండ్ల మీద కూర్చున్నవాళ్ళు ఉన్నారు. మొదటి కేక అక్కడినుంచే వచ్చింది: "వన్స్ మోర్!" ముందువరుసలు తరువాత అందుకున్నాయి. ఆమె మళ్ళీ పాడింది. ఇంకోసారి అడిగితే, "కూకోండప్పా, కథ ముందుకు పోవాల!" అని రాణి దర్పంతోనే గద్దించింది. ఆ గద్దింపుకూ చప్పట్లే. తెర పక్కన సాహెబు కేకలు పెడుతున్నాడు: "ఆ మైకు బండికెక్కియ్యండ్రా, బేగా!" ఆపైన మా వైపు ప్యాపిలి నుంచి సంజామల దాకా, ఆమె పేరు లేకుండా నాటకం కట్టినవాళ్ళు లేరు.

నేనేమో డిగ్రీ చదివి కూడా ఇంట్లోనే ఉండిపోయాను. పాప దగ్గినా భయపడే మనిషిని. బాలికల బడిలో పాఠాలు చెప్పమంటే ఇన్నాళ్ళూ తప్పించుకున్నాను. చదివింది మరచిపోయాననీ, పిల్లలు నవ్వుతారనీ భయం. ఈ సాయంత్రం వెళ్ళి ఒప్పుకుని వచ్చాను. భయం ఇంకా ఉంది. నవ్వితే నవ్వనీ. చివరి బెంచీ పిల్లకు అర్థమైందో లేదో అడుగుతాను. కాలేదంటే మళ్ళీ మొదటినుంచి చెబుతాను.