గుమ్మంలో గావా పళ్లెం

జెద్దాలో నేను పనిచేసిన ఇంటి యజమానిని బాబా అని పిలిచేదాన్ని. స్పెయిన్‌లోని ఒక పెద్ద ఫుట్‌బాల్ జట్టంటే ఆయనకు ప్రాణం. ఆ జట్టులో ఎవరి మోకాలు ఎప్పుడు వాచిందో చెప్పగలడు. రెండేళ్లుగా నా మోకాలు వాచి ఉన్న సంగతి మాత్రం తెలియదు.

ఆ సీజన్‌లో ఒక కప్పు జెద్దాలోనే ఆడారు. టికెట్టు దొరక్క బాబా ఇంట్లో టీవీ ముందు కూర్చున్నాడు. నేను గావా, అదే వాళ్ల కాఫీ, పళ్లెంతో హాలు గుమ్మంలో అడుగుపెట్టగానే ఆయన జట్టు గోల్ కొట్టింది.

"అక్కడే ఉండు. కదలకు" అన్నాడు.

ఆట అయ్యేదాకా నిలబడ్డాను. కప్పు గెలిచారు. అప్పటి నుంచి ప్రతి మ్యాచ్‌కీ అదే గుమ్మం, అదే పళ్లెం. గావా చల్లారిపోయేది, ఎవరూ తాగేవారు కాదు.

అప్పుడు ఊళ్లో మా అమ్మాయికి తొలిచూలు. మాలో తొలి కాన్పు పుట్టింట్లోనే చేయాలి. అది పుట్టింటికి వచ్చేసింది, నేనింకా పరాయి ఇంటి గుమ్మంలో ఉన్నాను. నా సెలవు ఎప్పుడో రావాలి. ఊరెళ్లి తిరిగి రావడానికి కావలసిన రీఎంట్రీ వీసాకి బాబా ఫోన్‌లో నొక్కితే చాలు.

"సీజన్ అవనీ" అన్నాడు.

"బిడ్డ సీజన్ చూసుకుని పుట్టదు బాబా" అన్నాను, వచ్చిన అరబ్బీలో. ఆయన టీవీ గొంతు పెంచాడు.

ఆ ఇంటి డ్రైవరు హైదరాబాదువాడు. "ఆడేది పదకొండు మందే అనుకుంటున్నవా అక్కా? పన్నెండోదానివి నువ్వే. వాళ్లకు కోట్లిస్తరు, నీకు పళ్లెమిచ్చిన్రు" అని నవ్వేవాడు.

"నవ్వు తమ్ముడూ. నీది కూర్చునే డ్యూటీ కదా."

యూరప్ కప్పు సెమీఫైనల్ చివరికొచ్చేసరికి నా ఫోన్ మోగింది. అల్లుడు. పళ్లెం కింద పెట్టేసి వంటింట్లోకి పరుగెత్తాను. ఆడపిల్ల, తల్లీ బిడ్డా క్షేమం. పిల్ల ఏడుపు ఫోన్‌లో వింటుండగా హాల్లో ఇంకో ఏడుపు మొదలైంది. ఆఖరి నిమిషంలో గోల్ తిన్నారు.

రెండు రోజులు బాబా నా చేతి గావా ముట్టలేదు. మూడో రోజు డ్రైవరు వచ్చాడు.

"వీసా వచ్చింది అక్కా. నీ నజర్ మంచిగ లేదంట. జల్ది పంపియ్యమన్నడు."

రెండేళ్లు తుడిచిన నేల ఇప్పించలేని సెలవును ఒక ఓటమి ఇప్పించింది.

బారసాలకు అందుకున్నాను. నెల రోజులే సెలవు. ఈలోగా ఆ జట్టు వరసగా ఓడి లీగ్ కూడా చేజార్చుకుంది. ఇక మిగిలింది స్పెయిన్‌లోనే ఆడే ఇంకో కప్పు ఫైనల్ ఒక్కటే. ఆ రోజు డ్రైవరు వీడియో కాల్ చేశాడు.

"అక్కా, గుమ్మంల నిలవడమంటున్నడు బాబా. మీ ఇంటి గుమ్మమైనా పర్వలేదంట. పళ్లెం ఉన్నదా?"

"ఉంది. ముందు రీఎంట్రీ ఇంకో రెండు నెలలు పెంచమను. మెసేజ్ వస్తే నిలబడతాను."

అటువైపు అరబ్బీలో గొణుగుడు వినిపించింది. ఆట మొదలవకముందే మెసేజ్ వచ్చింది. అమ్మాయి చదివి చెప్పినా, తేదీని నేనే మళ్లీ రెండుసార్లు చూసుకున్నాను.

స్టీలు పళ్లెం పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను. కాసేపటికి పిల్ల ఏడ్చింది. పళ్లాన్ని స్టూలు మీద పెట్టి, ఫోన్ స్టూలు వైపు తిప్పి, లోపలికి వెళ్లాను. అటు ఎవరూ గమనించలేదు, అందరి కళ్లూ టీవీ మీదే ఉండి ఉంటాయి.

కప్పు గెలిచారు. నేను లేకుండా స్టూలే గెలిపించిందని బాబాకి ఇప్పటికీ చెప్పలేదు. చెబితే వచ్చే సీజన్‌లో స్టూలునే నిలబెట్టుకుంటాడు. నాకు మళ్లీ సెలవు ఎవరిస్తారు?