స్వీట్లేవని అడిగాను

మధురానగర్‌లో ఆడపిల్లల హాస్టల్లో వంట చేస్తాను. నేను చదివింది నాలుగో తరగతి. అయినా ఏ పిల్ల ఏ రోజు ఏ కూర వదిలేసిందో పదేళ్లవి చెప్పగలను. ఈ సంగతి రాయమన్నది ఇందులో ఉన్న పిల్లే. "పేరొక్కటీ వద్దు ఆంటీ, మిగతాదంతా రాయండి" అంది.

మా దగ్గర ఒక అలవాటుంది. అమీర్‌పేటలో కోర్సు నేర్చుకునే పిల్లకు ఉద్యోగం వస్తే, హాస్టలు ఖాళీ చేసే ముందు సామాను పంచేస్తుంది. నోట్సు ఒకరికి, పచ్చడి సీసా ఇంకొకరికి. బకెట్టు కోసమైతే కొట్లాటే. ఉద్యోగం వచ్చినవాళ్ల బకెట్టు కలిసొస్తుందని వాళ్ల నమ్మకం. సామానుతో పాటు స్వీట్లు కూడా పంచాలి.

ఒక సోమవారం పొద్దున, భీమవరం వైపు నుంచి వచ్చిన పిల్ల అలాగే అన్నీ పంచేసింది. ఆవకాయ సీసా నాకు తెచ్చిచ్చింది. నేను పప్పు మెదుపుతూ నవ్వాను.

"ఏం బిడ్డా, చెప్పకుండనే కొట్టేసినవా జాబు? స్వీట్లేవి? ఉత్త ఆవకాయతోనే సరిపెడ్తవా?"

"పట్టుకోండి ఆంటీ, ట్రీట్ ఎగ్గొట్టి పారిపోయేలా ఉంది!" అంది దాని రూమ్మేటు, టిఫిన్ ప్లేటు తీసుకుని మెట్లెక్కుతూ.

ఆ పిల్ల నవ్వలేదు. రూమ్మేటు పైకి వెళ్లేదాకా ఆగి, గుమ్మం పట్టుకుని అంది.

"జాబు రాలేదు ఆంటీ. నాకు బతకాలని లేదు. రూముకి వెళ్తే ఏం చేసుకుంటానో అని భయంగా ఉంది. నన్ను ఒక్కదాన్నే వదలకండి."

'ఛీ, అట్ల అనొద్దు' అని నాలుక చివరి దాకా వచ్చింది. మింగేశాను. పొయ్యి కట్టేసి, చెయ్యి పట్టుకుని పీట మీద కూర్చోబెట్టాను.

నాలుగు నెలల కింద, ఉద్యోగం వచ్చిందని ఇంట్లో అబద్ధం చెప్పిందట. వాళ్ల నాన్న వీధంతా చెప్పుకున్నాడు. ఈ పిల్ల రోజూ బ్యాగు తగిలించుకుని వెళ్లి, మెట్రో స్టేషన్లో సాయంత్రం దాకా కూర్చుని వచ్చేదట. కోర్సుకే పోతోందని నేను బాక్సు కట్టి పంపాను. ఇప్పుడాయన ఆఫీసు చూడటానికి బుధవారం వస్తానన్నాడు.

నాకూ ఒకప్పుడు అలాంటి రోజులు వచ్చాయి. నేను ఎవరికీ చెప్పలేదు, పొయ్యి పొగ మీద నెపం పెట్టి ఏడ్చేదాన్ని. ఈ పిల్ల గుమ్మంలో నిలబడి చెప్పింది.

అన్నం వార్డెనమ్మకు అప్పజెప్పి, ఆటోలో పంజగుట్టలో పెద్దాసుపత్రికి తీసుకుపోయాను. చీటీలు రాసే కిటికీ దగ్గర పెద్ద లైను.

"ఏం తకలీఫమ్మా? జల్దీ చెప్పు, వెనక మస్తు మంది ఉన్నరు" అన్నాడు లోపలి మనిషి.

వెనక అన్ని చెవులున్నాయి. పెళ్లి కావలసిన పిల్ల, ఎవరైనా ఎరిగినవాళ్లుంటే ఎట్లా? "తలనొప్పి సార్" అనేశాను. కాపాడుతున్నాననే అనుకున్నాను.

ఆ పిల్ల నన్ను పక్కకు జరిపి కిటికీ ముందుకు వంగింది.

"తలనొప్పి కాదండీ. చచ్చిపోవాలనిపిస్తోంది. దానికి చూసే డాక్టరు గారు కావాలి."

మాట తడబడలేదు. లోపలి మనిషి పెన్ను పక్కన పెట్టాడు. "నువ్వు లైన్ల నిలబడకమ్మా. నాతోని రా" అని లేచి బయటికొచ్చాడు. లైన్లో ఎవరో గొణిగితే, ఎక్స్‌రే కవరు పట్టుకున్న ముసలాయన "జర ఆగుతే ఏమైతది భాయ్" అని కసిరాడు. నేను సిగ్గుతో తల వంచుకుని వాళ్ల వెనక నడిచాను. సిగ్గు ఆ పిల్ల మాటకు కాదు, నా తలనొప్పికి.

డాక్టరమ్మ గంటసేపు మాట్లాడింది. తర్వాత నన్ను పిలిచి, ఒంటరిగా వదలొద్దని, మళ్లీ ఎప్పుడు తీసుకురావాలో, మందులెట్లా వెయ్యాలో చెప్పింది. ఇంట్లోవాళ్లకు తెలియాలంది. అక్కడికి వచ్చేసరికి పిల్ల ముఖం తెల్లబోయింది. బయటికొచ్చి బెంచీ మీద కూర్చుని చాలాసేపు ఫోను చేతిలో తిప్పింది.

"నేను చెప్పనా బిడ్డా?"

"వద్దాంటీ. మీరు మళ్లీ తలనొప్పంటారు."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు నాకు. ఈలోగా తనే నంబరు నొక్కింది.

"నాన్నా, జాబు అబద్ధం. నాకు చచ్చిపోవాలనిపించింది. ఆసుపత్రిలో ఉన్నాను. నువ్వు రా."

తిడతాడేమోనని నేను దగ్గరికి జరిగాను. ఆయన గొంతు నాకూ వినిపించింది, ఫోను దాటి బయటికి వచ్చేంత గట్టిగా.

"వస్తున్నానమ్మా. బస్టాండుకి వెళ్తున్నాను. ఫోను పెట్టకు. ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉండు. పక్కనెవరున్నారు?"

"వంటాంటీ ఉన్నారు నాన్నా."

"ఆవిడకివ్వు... అమ్మా, మా పిల్లని వదలకండి, మీకు దణ్ణం పెడతాను."

"వదలను అన్నా. మీరు నిమ్మళంగ రాండ్రి" అన్నాను.

పిల్ల ఫోనులో ఛార్జింగు అయిపోతే నా ఫోనిచ్చాను. బండి చప్పుడు, ఎవరినో బస్సు ఎక్కడని అడగడం, కండక్టరు కేక, "హైదరాబాదుకి ఒకటివ్వండి" అన్న ఆయన గొంతు, అన్నీ వినిపించాయి. అప్పుడు ఆ పిల్ల నా భుజం మీద తల పెట్టి బిగ్గరగా ఏడ్చింది. ఫోను మాత్రం చెవి నుంచి తియ్యలేదు.