అడుగు నుంచి వచ్చిన ఊపిరి

దెయ్యం ఉందని ఎవరైనా అంటే, ముందు సరుకు చూపించమనే రకం నేను. తెనాలిలో మా నాన్నది కిరాణా కొట్టు, పక్కనే బాబాయిది మందుల కొట్టు. కళ్ళతో చూసి, చేత్తో పట్టుకుని, వాసన చూస్తే గానీ దేన్నీ నమ్మని మనుషుల మధ్య పెరిగాను. చీకటంటే నాకు భయం లేదు. ఎలుకలంటే ఉంది, బస్తాలు కొడతాయి కాబట్టి. ఇప్పుడు నేను చెప్పబోయేది ఇంకెవరైనా చెబితే నేనైతే నమ్మను.

మేం అమెరికాలో, న్యూజెర్సీలోని పిస్కాటవేలో ఉంటాం. నాకు పాత మందు సీసాల పిచ్చి. దగ్గు, కీళ్ళనొప్పులు, దిగులు అన్నీ ఒక్క చెంచాతో పోతాయని అమ్మిన టానిక్కుల సీసాలు. బాబాయి కొట్లోనూ అలాంటివి ఉండేవి, అందుకే అవి కనపడితే నాకు పుట్టింటి వాళ్ళు కనపడ్డట్టు ఉంటుంది.

అమెరికాలో గాజు పని మొదట్లో వేళ్ళూనుకున్న చోట్లలో న్యూజెర్సీ దక్షిణ భాగం ఒకటి. గాజుకి కావలసిన ఇసుక కాళ్ళ కిందే, కొలిమికి కట్టెలు చుట్టూ ఉన్న అడవిలో. ఇనుప గొట్టం చివర కరిగిన గాజు ముద్దను అచ్చులో దించి ఊదేవారు. మనిషి ఊపిరే మిషను. అలాంటి సీసా అడుగున, దాన్ని పట్టుకున్న కడ్డీని విరిచిన చోట గరుకు మచ్చ ఒకటి ఉంటుంది. శనివారాల్లో జరిగే పాత సామాన్ల సంతలో నా వేలు మొదట వెళ్ళేది అక్కడికే.

ఆ సంతలకు తోడు రవి. నాతో పాత ఆఫీసులో పనిచేసిన ఏలూరు అబ్బాయి, నన్ను అక్కా అంటాడు. సీసా పట్టుకోవడం దగ్గర నుంచి బేరం దాకా అన్నీ నేనే నేర్పాను. మా పద్ధతి ఒకటుండేది. అమ్మేవాడి ముందు తెలుగులో మెచ్చుకుంటూ, ముఖం మాత్రం కుళ్ళిన వంకాయను చూసినట్టు పెట్టడం.

"ప్రాణం పోతోందక్కా దీన్ని చూస్తుంటే" అనేవాడు రవి, పై పెదవి ఒక పక్కకు లాగి.

"పక్కదాన్ని ముట్టుకోరా, దీని జోలికి రాకు" అనేదాన్ని నేనూ అదే ముఖంతో. అమ్మేవాడు పాపం ధర తగ్గించేవాడు.

ఒక శనివారం ఒకే పెట్టెలో రెండు సీసాలు దొరికాయి. లేత నీలిపచ్చ రంగు, ఒకే అచ్చు, దగ్గు మందు పేరు ఉబ్బెత్తు అక్షరాల్లో. మొదట ఎంచుకున్నది నేను. నాదాని భుజం దగ్గర, గాజు లోపల, జీలకర్ర గింజంత గాలి బుడగ ఉంది. దాన్ని ఊదినవాడి ఊపిరి అందులో మిగిలిపోయిందని రవికి చెప్పి మురిసిపోయాను. వాడిదానికి బుడగ లేదు.

కొన్నాళ్ళకు ఒక పొద్దున కాఫీ తాగుతూ చూశాను. కిటికీ గట్టు మీద ఆ సీసా లోపల మసక పడుతోంది. అడుగున మొదలై, మెడ దాకా పాకి, కాసేపుండి పోయింది. చలికాలం అద్దం మీద ఊదితే పడే మసకలాంటిది. పక్కనున్న సీసాలు శుభ్రంగా ఉన్నాయి. కాఫీ వేడి తగిలి ఉంటుందన్నారు మా ఆయన. పుస్తకాల అరలోకి మార్చాను. అక్కడా అంతే. పుల్లకు దూది చుట్టి తుడిస్తే తడి తగిలింది. పాత గాజుకు జబ్బు చేస్తుందని సీసాలు పోగేసేవాళ్ళు అంటారు గానీ, ఆ మసక వస్తే ఉండిపోతుంది. ఇది వచ్చి పోయేది. ఈ సంగతి మా ఆయన కాక రవికి మాత్రమే చెప్పాను.

తర్వాత రవి ఒక మిషను కొన్నాడు. సీసాలో రాగి ముక్కలు పోసి తిప్పితే లోపలి మురికంతా వదిలిపోతుంది. నాదానితో పాటు నీదీ తిప్పిస్తానక్కా అన్నాడు. ఇచ్చాను. కొత్తదానిలా మెరుస్తూ తిరిగొచ్చింది. సొంత తమ్ముడు పంపిన బస్తానైనా మా నాన్న మళ్ళీ తూకం వేసేవాడు. నేను మాత్రం దాన్ని వెలుతురుకు ఎత్తి కూడా చూడకుండా గట్టు మీద పెట్టేశాను. రవి ఇచ్చినదాన్ని సరిచూసుకోవడం నాకే తప్పనిపించింది.

ఇక మసక రాలేదు. జబ్బు కుదిరిందనుకున్నాను. ఇన్నాళ్ళూ మురికిని చూసి బెదిరిపోయానని నవ్వుకున్నాను కూడా.

ఒక ఆదివారం రవి ఇంట్లో భోజనాలు. ఏసీ చల్లగా ఉంది. గోంగూర కలుపుకుంటూ ఎదురుగా ఉన్న అద్దాల బీరువా వైపు చూశాను. వరసలో ఉన్న సీసాల్లో ఒకటి అడుగు నుంచి తెల్లబడుతోంది. మెడ దాకా వచ్చింది. ఎంగిలి చేత్తోనే లేచి, ఎడమ చేత్తో బీరువా తీసి, దాన్ని కిటికీ వైపు ఎత్తాను. భుజం దగ్గర జీలకర్ర గింజ.

రవి వైపు తిరిగాను. పై పెదవి ఒక పక్కకు లాగి ఉంది.

"అదంత బాలేదక్కా. మాసిపోయింది, వదిలెయ్."

ఆ ముఖం నేను నేర్పిందే.

వాడి భార్య సునీత పెరుగు గిన్నె తెచ్చి పెడుతూ మామూలుగా అంది. "అది రోజూ అంతే వదినా. మీ ఇంట్లో ఉన్నప్పుడు కూడా ఇలాగే చేసేదంట కదా."

ఒకే అచ్చువి కాబట్టి మారిపోయుంటాయని రవి ఏదో గొణిగాడు. నన్ను అడిగి ఉంటే ఇచ్చేదాన్నా అని ఇప్పటికీ అనుకుంటాను. వెంటనే ఇచ్చేదాన్ని కాదు, గట్టిగా బేరం ఆడేదాన్ని. చివరకు ఇచ్చేదాన్ని.

నా సీసా తెచ్చుకున్నాను. వాడిది మర్నాడు వాళ్ళ గుమ్మం దగ్గర పెట్టి వచ్చాను. శనివారాలు ఇప్పుడు ఒక్కదాన్నే వెళ్తున్నాను. తెలుగులో మెచ్చుకోవడానికి పక్కన ఎవరూ లేరు.

రవి ఎందుకు తీశాడో నాకు తెలుసు. సరుకు మీద ఆశ, అది నాకూ ఉంది. సీసా సంగతే తెలియదు. వాడింట్లో నన్ను చూసి పలకరించినట్టు తెల్లబడింది. నా ఇంటికొచ్చాక ఒక్కసారి కూడా మసక పట్టలేదు. అదే గట్టు, అదే ఎండ, అదే కాఫీ.

మొన్న ఎవరూ లేనప్పుడు దాని మూతికి నోరు ఆనించి నేనే ఊదాను. మసక పట్టింది. మూతి దగ్గర మొదలై, సగానికైనా దిగకుండానే పోయింది.

అది నా ఊపిరి. అడుగు నుంచి వచ్చినది ఎవరిదో నాకు ఇప్పటికీ తెలియదు.