జీరో బల్బు కింద కాజాలు

మా పెద్దమ్మ కాజాలు కుట్టే గదిలో పొద్దు ఎప్పుడూ ఒకటే. బయట ఎండ మండిపోతున్నా, వాన దంచికొడుతున్నా, ఆ గదిలో అడుగు పెడితే మాత్రం సాయంత్రం ఆరున్నరే. ఒకప్పుడు అలా ఉండేది కాదు. కిటికీలోంచి ఎండ వచ్చి చాప మీద నలుచదరంగా పడేది. చిన్నప్పుడు నేను ఆ చదరంలో పడుకునేదాన్ని. అది జరిగితే నేనూ నిద్రలోనే దాంతోపాటు జరిగేదాన్నని పెద్దమ్మ ఇప్పటికీ చెప్పి నవ్వుతుంది. పన్నెండేళ్ల కిందట పక్కవాళ్లు మూడంతస్తులు లేపారు. ఇప్పుడు కిటికీ తెరిస్తే చెయ్యి చాపినంత దూరంలో సిమెంటు గోడ. అప్పటినుంచి ఆ గదికి ఉన్న వెలుగల్లా పెద్దమ్మ తలకి జానెడు పైన తీగకి వేలాడే ఒక్క జీరో బల్బు.

పెద్దమ్మ అంటే మా అమ్మకి అక్క. వీధిలో అందరికీ ఆవిడ కాజాలమ్మ. చొక్కాకి గుండీ దూరే చీలిక ఉంటుంది కదా, దాని చుట్టూ దారం విడిపోకుండా కుట్టే అంచే కాజా. వీధి చివర దర్జీ చొక్కాలు కత్తిరించి, మిషను మీద కుట్టి, కాజాలకి మాత్రం పెద్దమ్మ దగ్గరికి పంపుతాడు. నలభై ఏళ్ల నుంచీ ఇదే వరస. మొదట అతని తండ్రి పంపేవాడు, ఇప్పుడు అతను పంపుతున్నాడు.

"మంచి కాజా ఎవరి కంటా పడకూడదే" అనేది పెద్దమ్మ. "కంటపడిందంటే ఎక్కడో వంకర పోయిందన్నమాట."

ఆ గదిలో కూర్చుంటే నాకు ఇప్పటికీ నిద్ర ముంచుకొస్తుంది. దారం గుడ్డలోంచి దూరి వచ్చేటప్పుడు సన్నని చప్పుడు ఒకటి వస్తుంది. దాని వెనకే పెద్దమ్మ ఊపిరి. పసుపు మసకలో ఆవిడ చెయ్యి లేస్తుంది, దిగుతుంది. గోడ మీద పెద్ద నీడ కూడా లేస్తుంది, దిగుతుంది. కాసేపటికి కుడుతున్నది పెద్దమ్మో నీడో తెలియదు. ఎంతోమంది చొక్కాలు ఆ మసకలోంచే వెళ్లాయి. అవి వేసుకుని ఎవరెవరో ఉద్యోగాలకి పోయారు, పెళ్లిచూపులకి పోయారు. వాళ్లెవరికీ ఈ గది సంగతి తెలియదు.

ఇక పెదనాన్న. ఆయన ముప్పైరెండేళ్లు ఇంటింటికీ తిరిగి కరెంటు మీటరు చూసి రాసుకునే పని చేశారు. వీధుల్లో ఆయన పేరు రీడింగుగారు. పదవీ విరమణ అయ్యాక కూడా ఎవరింటికి వెళ్లినా ముందు మీటరుని పలకరించి, తర్వాతే మనుషులని పలకరిస్తారు. మంచివారే. గట్టిగా మాట్లాడి ఎరగరు. కానీ మొండితనంలో ఆయనకి ఆయనే సాటి.

ఆయన చూసిన మీటర్లలో అల్యూమినియం చక్రం ఒకటి తిరుగుతూ ఉండేది. ఇస్త్రీపెట్టె పెడితే గిర్రున తిరిగేది, ఫ్యాను వేస్తే నింపాదిగా తిరిగేది. జీరో బల్బు ఒక్కటీ వేస్తే అసలు కదిలేదే కాదు. అంత చిన్న వాడకానికి కదిలే ఓపిక ఆ చక్రానికి లేదు. అంతే సంగతి. పెదనాన్నకి మాత్రం అది వేదవాక్కు. పేరే జీరో. చక్రమూ జీరో అంది. ఇంకేం కావాలి? ఇంట్లో ట్యూబులైటు చుట్టాలొస్తేనే వెలిగేది. జీరో బల్బులు మాత్రం మూడు, ఒకటి కాజాల గదిలో, ఒకటి నడవలో, ఒకటి స్నానాలగదిలో, పగలూ రాత్రీ వెలుగుతూనే ఉండేవి. సున్నాని ఆర్పడం ఎందుకు?

నేను ఎలక్ట్రికల్ సామాన్ల కొట్టులో పనిచేస్తాను. బల్బులు అమ్మడమే నా బతుకు. పాత జీరో బల్బు పదిహేను వాట్లు మింగుతుందని నాకు తెలుసు. ఎల్‌ఈడీ బల్బు తొమ్మిది వాట్లకే గదంతా తెల్లవారినట్టు చేస్తుందనీ తెలుసు. ఈ సంగతి పెదనాన్నకి చిలక్కి చెప్పినట్టు చెప్పాను. ఆయన నా మాట అంతా విని, టీ పూర్తిగా తాగి, ఒక్క ప్రశ్న అడిగారు.

"తొమ్మిది ఎక్కువా, సున్నా ఎక్కువా?"

నాకు ఒళ్లు మండిపోయింది. పెద్దమ్మ నవ్వి, కుట్టుకుంటూ ఉండిపోయింది.

రెండేళ్ల కిందట వాళ్లింటికి కొత్త మీటరు బిగించారు. అందులో చక్రం లేదు. ఎర్రటి చుక్క ఒకటి మిణుకు మిణుకుమంటుంది. బిల్లు ఒక్కసారిగా పైకి పాకింది. పెదనాన్న దాన్ని సొంత ఇంట్లో దొంగ దూరినట్టే తీసుకున్నారు. ఫ్రిజ్జు సగం రోజు కట్టేశారు. ఫ్యాను ఒంటికి చెమట పడితేనే వేశారు. అన్నీ ఆపేసినా బిల్లు దిగలేదు. ఇంట్లో ఆపకుండా వెలుగుతున్నవి ఆ మూడు సున్నాలే.

"పాడు మీటరు. దీనికి లెక్క రాదు" అని ఆయన దానివైపు చూడడం మానేశారు. ఎదుట నుంచి వెళ్లేటప్పుడు మొహం తిప్పుకునేవారు కూడా.

నా దిగులు బిల్లు గురించి కాదు. ఆ మధ్య దర్జీ మూడు చొక్కాలు వెనక్కి పంపాడు. కాజాలు ఒకదాని కింద ఒకటి వరసలో లేవు, అంచులు ఎగుడుదిగుడుగా ఉన్నాయి. పెద్దమ్మ విప్పి మళ్లీ కుట్టింది. మళ్లీ వెనక్కి వచ్చాయి. మూడోసారి దర్జీ స్వయంగా వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. మొహమాటస్తుడు. చొక్కా ఒకటి చేతిలో అటూ ఇటూ తిప్పుతూ చెప్పాడు.

"ఏమనుకోకమ్మా. ఇదొక్కటి చూడు. ఇది కూడా ఇలాగే వస్తే, కాజాల మిషను వచ్చింది కదా, ఇంక అక్కడే వేయించుకుంటాను. నిన్ను ఇబ్బంది పెట్టడం ఎందుకు?"

అతను వెళ్లాక పెద్దమ్మ ఆ చొక్కాని ఒళ్లో పెట్టుకుని తడుముతూ కూర్చుంది. నేను పక్కన కూలబడ్డాను.

"పోనీలేవే పెద్దమ్మా, అరవై దాటాయి. ఇంకెన్నాళ్లు కుడతావు?" అన్నాను, అనకూడని మాట అని తెలిసే.

"కుట్టకపోతే ఈ చేతులని ఎక్కడ పెట్టుకోను?" అంది.

ఆవిడకి పిల్లలు లేరు. నేనున్నాను, కానీ నేను వచ్చిపోయే మనిషిని. ఆవిడని రోజూ తెల్లారి లేపేది ఆ చొక్కాలే. అవి రావడం ఆగిపోతే ఏమవుతుందో ఆలోచించడానికి నాకు ధైర్యం చాలలేదు.

మర్నాడు కొట్టుకి సెలవు పెట్టి, తొమ్మిది వాట్ల బల్బు ఒకటి సంచిలో వేసుకుని మధ్యాహ్నం వెళ్లాను. ఈసారి పెదనాన్నతో వాదించలేదు.

"పెదనాన్నా, మీరు ఒక రీడింగు తియ్యాలి" అన్నాను.

"ఎవరింటిది?"

"మనింటిదే."

ఆయన మొహం తిప్పుకున్నారు. "దానికి చక్రమే లేదు, ఏం చూడమంటావు?"

"చుక్క ఉంది కదా. మూడువేల రెండువందలసార్లు మిణుకుమంటే ఒక యూనిట్టు. దాని మొహం మీదే రాసుంది. ముప్పైరెండేళ్లు చూసినవాళ్లు, ఇంకొక్కటి చూడలేరా?"

ఆయన లేచి, పాత చేతిగడియారం పెట్టుకుని, కుర్చీ వరండాలోకి లాక్కున్నారు. కళ్లజోడు సర్దుకుని మీటరుకి దగ్గరగా వంగి చూస్తే, నిజంగానే ఆ సంఖ్య ఉంది. రెండేళ్ల నుంచీ దాని ముందే తిరుగుతూ చదవలేదు.

ఇంట్లో అన్నీ కట్టేశాం. ఫ్రిజ్జు మూలుగు ఆగింది. ఇల్లంతా ఊపిరి బిగబట్టినట్టు అయింది. పెద్దమ్మ కాజాల గదిలో చీకట్లో చొక్కా పట్టుకుని కూర్చుంది. పది నిమిషాలు చూశాం. ఎర్రచుక్క ఒక్కసారి కూడా వెలగలేదు. ఊరికే పరిగెత్తే మీటరు కాదన్నమాట. పెదనాన్న తలాడించారు.

"ఇప్పుడు కాజాల గదిలో జీరో ఒక్కటీ వెయ్యవే" అని కేక వేశాను. లోపల స్విచ్చు చప్పుడైంది.

మధ్యాహ్నం వేళ వీధిలో ఎవరూ లేరు. దండెం మీద బట్టలు కదలడం లేదు. మేమిద్దరం ఆ చుక్కనే చూస్తూ కూర్చున్నాం. చూడగా చూడగా మీటరు డబ్బా కరిగిపోయి, చుక్క ఒక్కటే ఎక్కడో గాల్లో ఉన్నట్టు అనిపించింది. నా రెప్పలు బరువెక్కాయి. చాప మీది ఎండ చదరమూ, అది జరగడమూ కళ్ల ముందు మెదిలాయి. అప్పుడు చుక్క మిణుకుమంది.

"కన్ను కొట్టింది" అన్నారు పెదనాన్న నెమ్మదిగా.

ఆయన పెదవులు లెక్కపెడుతూ కదులుతున్నాయి. డెబ్బై అయిదు సెకన్లకి మళ్లీ కొట్టింది. మళ్లీ డెబ్బై అయిదుకి. అయిదుసార్లు చూశారు. ఆరోసారి గడియారాన్ని చెవి దగ్గర పెట్టుకుని, నడుస్తోందో లేదో విన్నారు.

"సున్నాకి ఎందుకు కొడుతోంది?" అని అడిగారు. నన్ను కాదు, మీటరుని.

నేను లోపలికి వెళ్లి, గుడ్డతో పట్టుకుని జీరో బల్బు విప్పి, నా సంచిలోది బిగించాను. స్విచ్చు వేశాను. పెద్దమ్మ చటుక్కున కళ్లు మూసుకుంది. మెల్లగా తెరిచింది. గదికి మూలలు వచ్చాయి. చాప మీద కోసిన దారపు ముక్కలు రంగురంగులుగా కనిపించాయి. ఇన్ని రంగులు ఇక్కడ ఉన్నాయని నాకే తెలియదు. బయటికి వచ్చి చూస్తే పెదనాన్న ఇంకా లెక్కపెడుతూనే ఉన్నారు. నూట ఇరవై అయిదు సెకన్లు పట్టింది, చుక్క ఒక్కసారి వెలగడానికి.

రీడింగుగారికి ఇంక ఎవరూ చెప్పక్కర్లేదు. నెలంతా పన్నెండేసి గంటలు వెలిగినా ఈ బల్బుకి మూడు యూనిట్ల చిల్లర. అన్నేసి గంటలకే సున్నా బల్బుకి అయిదు దాటుతుంది. మూడు సున్నాలూ పగలూ రాత్రీ వెలిగితే ముప్పైరెండు. ఆయన మనసులోనే కట్టి, పైకి చెప్పి, కుర్చీ అక్కడే వదిలేసి లోపలికి నడిచారు.

అక్కడ పెద్దమ్మ ఏడుస్తుందేమోనని భయం వేసింది నాకు. చొక్కా పట్టీని బల్బు కిందికి ఎత్తి పట్టుకుని చూస్తోంది. నిన్నటి నుంచి నాలుగు కాజాలు కుట్టింది. నాలుగూ నాలుగు దిక్కులకి చూస్తున్నాయి.

"ఇలాంటివా నేను పంపుతున్నది?" అంది. "పాపం, ఎంత ఓర్చుకున్నాడో ఆ అబ్బాయి."

ఒక్కో కుట్టూ విప్పింది. మళ్లీ మొదలుపెట్టింది. పెదనాన్న గుమ్మం పక్కన నేల మీద చతికిలబడ్డారు. నేను గోడకి ఆనుకున్నాను. ఈసారి గోడ మీద పెద్ద నీడ లేదు. పెద్దమ్మ వేళ్లు మాత్రమే ఉన్నాయి, పొడిచిన గుర్తులతో గరుకుగా. ఏడు కాజాలు అయ్యేసరికి సాయంత్రమైంది. దర్జీ వచ్చి, పట్టీ మీద బొటనవేలితో పైనుంచి కిందికి రాసి చూశాడు. చంకలోని మూట విప్పి మరో మూడు చొక్కాలు చాప మీద పెట్టి వెళ్లాడు.

అతని చెప్పుల చప్పుడు దూరమయ్యాక పెదనాన్న పెద్దమ్మవైపు తిరిగారు.

"ఇన్నేళ్లూ నిన్ను ఆ గుడ్డి దీపం కింద కూర్చోబెట్టాను. అది సున్నా అనుకున్నానే. నిజంగా సున్నా అనే అనుకున్నాను" అన్నారు.

"సున్నా కాదని నాకు తెలుసండీ" అంది పెద్దమ్మ, కొత్త చొక్కా మడత విప్పుతూ.

పెదనాన్న తలెత్తారు.

"చలికి వేళ్లు కొంకర్లు పోతే ఆ బల్బుకే ఆనించి కాచుకునేదాన్ని. ఏమీ తినకుండా అంత వేడి ఎక్కడినుంచి వస్తుంది?"

"మరి ఒక్కసారైనా చెప్పలేదేం?"

పెద్దమ్మ గొంతులో కోపం లేదు, దెప్పిపొడుపూ లేదు.

"చెప్తే అది కూడా ఆర్పేస్తారని."

పెదనాన్న కళ్లజోడు తీశారు. కళ్లు దాచుకోవడానికి ఆ గదిలో ఇప్పుడు మసక లేదు. ఆయన ఏడవడం నేను మొదటిసారి చూశాను.